హ్యాండిల్ ఎటు తిరిగి ఉంది?

మార్చి 2, సోమవారం

మూడు వీధుల బళ్ళకి ప్రాణదాత, ఒక్కగానొక్క మేనల్లుడికి మాత్రం ప్రాణాంతకుడు అయిన మామయ్యకి,

నీ అల్లుడు క్షేమం. నువ్విచ్చిన బండి క్షేమం కాదు. ఈ రెండు వాక్యాలూ ఒకదాని పక్కన ఒకటి ఎక్కువ రోజులు నిలబడలేవని మనవి చేసుకోవడానికే ఈ ఉత్తరం.

ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న నేను ప్రస్తుతం ఒక రక్తపరీక్షల ల్యాబులో సీసాలు మోసే హోదాలో ఉన్నానని నీకు తెలుసు. పొద్దున్నే అయిదు క్లినిక్కులు తిరిగి, అక్కడ తీసిన రక్తాన్ని తొమ్మిదింటిలోపు ల్యాబులో దించాలి. తొమ్మిది దాటితే రక్తం పాడవుతుందట. రక్తం సంగతేమో గాని మా సూపర్‌వైజరు మొహం మాత్రం తప్పకుండా పాడవుతుంది. ఆరు నెలల ప్రొబేషను. మూడుసార్లు ఆలస్యమైతే ఇంటికే. ఆయన బల్ల మీద అట్టకి తగిలించిన కాగితంలో నా పేరు పక్కన ఇప్పటికే రెండు ఎర్రగీతలు పడ్డాయి. రెండూ నీ బండి పుణ్యమే.

జబ్బు లక్షణం ఇది. బటన్ నొక్కుతాను. ఒక్కోసారి బుద్ధిగా స్టార్టవుతుంది. ఒక్కోసారి ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. కాసేపు పోయాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. ఈ మోడలుకి కిక్ రాడ్ అనే మానవత్వం లేదు. అంచేత రక్తం పెట్టె భుజాన తగిలించుకుని తోస్తాను. మొన్న మూడో క్లినిక్కు (జాబితాలో మూడోది, నా దారిలో ఆఖరుది) ముందు తోస్తుంటే అక్కడి వాచ్‌మాన్ కుర్చీలోంచి లేవకుండానే, "ఏం బాబూ, పెట్రోలు దండగని నడిపిస్తున్నావా?" అని పరామర్శించాడు. నా నాలుగేళ్ళ చదువుకి ఇంత చక్కటి సన్మానం ఎవరూ చెయ్యలేదు.

నువ్వు ఈ నెలాఖరుకి షాపు మూసేస్తున్నావని, ముప్పై ఒకటిన ఓనరుకి తాళం ఇచ్చేస్తున్నావని అమ్మ చెప్పింది. ఎందుకంటే "విసుగొచ్చిందట" అంది. విసుగా? నీకా? కార్బొరేటరు విప్పితే తిండి సంగతే మరిచిపోయే మనిషివి. సరే, నీ ఇష్టం. కాని మూసేముందు చెడిపోయిన సరుకుని అల్లుడికి అంటగట్టి చేతులు దులుపుకోవడం ఏ వృత్తిధర్మమో సెలవియ్యి.

ఫోను చేస్తే తియ్యవు. నిన్న ఒక్కరోజే పదకొండుసార్లు చేశాను. అందుకే ఈ కాలంలో బుద్ధున్నవాడెవడూ చెయ్యని పని చేస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటరావిడ నన్ను మ్యూజియంలోంచి తప్పించుకొచ్చిన వస్తువులా చూసింది.

ఇట్లు,
తోసుకుంటూ బతుకుతున్న
నీ అల్లుడు


మార్చి 5, గురువారం

ఇంజనీరుకి,

ఉత్తరం అందింది. రెండు పేజీలు. పనికొచ్చేది రెండు లైన్లు. మిగతాదంతా నీ కాలేజీ.

ఉలుకూ పలుకూ లేదంటే ఏమిట్రా? అది బండా, అలిగిన పెళ్ళామా? బటన్ నొక్కినప్పుడు సైడు కవరు లోపలినుంచి టక్ మని వస్తోందా లేదా, అది రాయాలి. అక్కడ గుప్పిట్లో పట్టేంత నల్లడబ్బా ఒకటి ఉంటుంది. రిలే అంటారు. నువ్వు చదివే ఉంటావు, చూసి ఉండవు. బటన్ నొక్కితే సన్నతీగలో కొంచెం కరెంటు దానికి వెళ్తుంది. అది టక్కుమని లోపల తలుపు తీస్తుంది. అప్పుడు లావుతీగలోంచి పెద్ద కరెంటు మోటారుకి వెళ్తుంది. టక్ మని కూడా మోటారు తిరక్కపోతే జబ్బు లావుతీగ వైపు, బ్యాటరీ వైపు. అసలు టక్కే లేకపోతే సన్నతీగ వైపు, బటన్ వైపు. ఇంతే. దీనికి నాలుగేళ్ళు పట్టదు.

కింది వాటికి జవాబు రాయి. కథ రాయకు.

1. టక్ ఉందా లేదా. వంగి, చెవి పెట్టి విని రాయి.
2. ఆ టైముకి న్యూట్రల్ లైటు వెలుగుతోందా. హారన్ గట్టిగా మోగుతోందా.
3. హ్యాండిల్ ఎటు తిరిగి ఉంది.

ఇంకోటి. బల్బు పెట్టి కరెంటు చూసే మెకానిక్కుల దగ్గరికి వెళ్ళకు. బండి గురించి చెప్పడానికి బల్బు కావాల్సొచ్చిందంటే వాడికి చెవులు దండగ. నేను ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా బల్బు ముట్టుకోలేదు.

షాపు సంగతి నీకెందుకు. మీ అత్తయ్య నువ్వు సన్నబడ్డావేమో అడగమంది. అడిగాను.

మామయ్య


మార్చి 9, సోమవారం

ప్రశ్నపత్రం తయారుచేసిన పరీక్షాధికారి గారికి,

ఆదేశం ప్రకారం ల్యాబు షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని బండి డొక్కకి చెవి ఆనించి బటన్ నొక్కాను. మా రిసెప్షన్ అమ్మాయి సరిగ్గా అప్పుడే బయటికొచ్చింది. నన్ను చూసి అలాగే లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటినుంచి నాతో చాలా నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడగొట్టి మాట్లాడుతోంది.

ఫలితం: పనిచెయ్యనప్పుడు టక్ లేదు. పనిచేసినప్పుడు ఉంది. న్యూట్రల్ లైటు రెండుసార్లూ పచ్చగా వెలిగింది. హారన్ ఎంత గట్టిగా మోగిందంటే మూడో క్లినిక్కు వాచ్‌మాన్ మొట్టమొదటిసారి కుర్చీలోంచి లేచాడు.

ఈలోగా ప్రాణం ఆగక మా మూలమీద మెకానిక్కుకి చూపించాను. ఆయన్ని ఇక్కడ అందరూ బ్యాటరీ డాక్టరంటారు. టైరు పంక్చరైనా సరే, ముందు బ్యాటరీ మార్చమంటాడు కాబట్టి ఆ బిరుదు. నా బండి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. దూరంనుంచే తలూపి, "బ్యాటరీ పోయింది సార్" అన్నాడు. మార్పించాను. "ఇంక పదేళ్ళు దీని మొహం చూడక్కర్లేదు" అని హామీ ఇచ్చాడు. ఆ పదేళ్ళూ మర్నాడు పొద్దున్న ఎనిమిదింపావుకి అయిపోయాయి.

ఇక నీ మూడో ప్రశ్న. హ్యాండిల్ ఎటు తిరిగి ఉంది? దీనికి జవాబు రాయడానికి నా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు. తూర్పుకి తిరిగితే స్టార్టయి పడమటికి తిరిగితే అలుగుతుందా? కరెంటు దిక్కులు చూసుకుని ప్రవహించదు మామయ్యా. ఈ ముక్క మాకు మొదటి సంవత్సరం మొదటి వారంలోనే చెప్పారు. ఇలాంటి ప్రశ్నలు వేసి బండివాళ్ళని బెదరగొట్టడం వల్లే నువ్వు ఇన్నేళ్ళు షాపు నడిపావని ఇప్పుడర్థమైంది.

నాదీ ఒక ప్రశ్న ఉంది. ఫోను ఎందుకు తియ్యవు? ఆ రోజు షాపులో నేనన్న మాటకేనా? కోపమైతే కోపమని చెప్పెయ్యి. ఇలా బిర్రబిగుసుకుని కూర్చోవడం పెద్దరికం అనిపించుకోదు.

అత్తయ్యకి చెప్పు: సన్నబడలేదు, బండి తోసి కండపట్టాను.

ఇట్లు,
దిక్కుతోచని
అల్లుడు


మార్చి 12, గురువారం

ఇంజనీరుకి,

టక్ లేదని నువ్వే రాశావు. లైటు వెలుగుతోందని నువ్వే రాశావు. హారన్ మోగుతోందని నువ్వే రాశావు. బ్యాటరీ మార్చానని కూడా నువ్వే రాశావు. ఈ నాలుగూ రాసింది ఒక్క మనిషేనా? బ్యాటరీ లేకుండా హారన్ ఎవరు మోగించార్రా, ఆ వాచ్‌మాన్ నోటితో ఊదాడా?

మీ అందరిదీ ఒకటే తెగులు. బండి ఆగినప్పుడే దాని మొహం చూస్తారు. పూర్తిగా చచ్చిన బండిని ఎవడైనా చూడగలడు. అప్పుడప్పుడు ఆగేదాన్ని ఆగినప్పుడు చూసి లాభం లేదు, బాగా ఉన్నప్పుడు చూడాలి. ఎప్పుడు పలికింది, ఎక్కడ పలికింది, ఎలా నిలబెడితే పలికింది. పలికినవన్నీ ఒక పక్క రాయి. పలకనివన్నీ ఇంకో పక్క రాయి. రెండు పక్కలకీ మధ్య తేడా ఏదో అదే జబ్బు. నీకు జీతమిచ్చేవాడు నోటుపుస్తకం ఇవ్వకపోతే కొనుక్కో.

మూడో ప్రశ్న మళ్ళీ అడుగుతున్నాను. నవ్వుకున్నది చాలు, జవాబు రాయి.

ఫోనులో మాట్లాడేవాళ్ళకి పనుండదు. నాకు పనుంది. నువ్వన్న మాటేమిటో నాకు గుర్తులేదు. నువ్వు మాట్లాడేవన్నీ గుర్తుపెట్టుకోవాలంటే నాకు ఇంకో బుర్ర కావాలి.

మామయ్య

అల్లుడూ, కవరు అంటించేది నేనే కాబట్టి ఈ మూల మీద రెండు ముక్కలు. మీ మామయ్యకి ఈ ఏడాది పొగరు మరీ ఎక్కువైంది. వంటింట్లోంచి నాలుగుసార్లు పిలిచినా పలకడు. ఎదురుగా వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే, అప్పుడు ఏమీ ఎరగనట్టు "ఏమిటే" అంటాడు. నీ ఉత్తరం వస్తే మాత్రం మూడేసిసార్లు చదువుతాడు. నువ్వయినా కాస్త గడ్డిపెట్టు. — అత్తయ్య


మార్చి 16, సోమవారం

నోటుపుస్తకం ప్రవక్తకి,

కొన్నాను. అట్ట మీద కుక్కపిల్ల బొమ్మ ఉంది, అంతకంటే హుందాగా ఉన్నది దొరకలేదు. రెండు మూడు రోజుల శాస్త్రీయ పరిశోధనా ఫలితాలు ఇవి.

పలికినవి: నా గది కింద సందులో, ప్రతిరోజూ, ఒక్కసారి కూడా తప్పకుండా. ఆ సందు ఎంత ఇరుకంటే బండి పెట్టాక నేను గోడ పక్కనుంచి ఊపిరి బిగబట్టి రావాలి. ఇంకా పెట్రోలు బంకులో. ఇంకా రోడ్డు మధ్యలో సిగ్నలు దగ్గర.

పలకనివి: రెండో క్లినిక్కు, మూడో క్లినిక్కు, ల్యాబు షెడ్డు. ఈ మూడు చోట్లా బళ్ళు వరసగా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి.

నా సిద్ధాంతం: నీ బండికి వైద్యరంగమంటే పడదు. బ్యాటరీ డాక్టరు సిద్ధాంతం: కొత్త బ్యాటరీ కూడా పోయింది. రెండిట్లో నాదే కాస్త నయమని నా నమ్మకం. మూడో ప్రశ్నని ఈసారి కూడా దయతో వదిలేస్తున్నాను. నీ పరువు నాకూ ముఖ్యమే.

శుక్రవారం కొంచెంలో తప్పింది. మూడో క్లినిక్కునుంచి నేనూ వాచ్‌మానూ కలిసి తోశాం. ఆయన ఒక చెయ్యి మాత్రమే వేశాడు, ఇంకో చేతిలో టీగ్లాసుంది. ఎనిమిది యాభైతొమ్మిదికి పెట్టె బల్ల మీద పెట్టాను. సూపర్‌వైజరు గడియారం చూసి, నన్ను చూసి, "ఇంజనీరుగారూ, మీ మూడో గీత కోసం పెన్ను మూత తీసే ఉంచాను" అన్నాడు. నిజంగానే తీసి ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. అత్తయ్య మూల మీద రాసింది చదివాను. నాతోనే అనుకున్నాను, ఇంట్లోవాళ్ళతో కూడా మాట్లాడ్డం మానేశావన్నమాట. గుర్తులేదని నువ్వు రాసిన దాన్ని నేను నమ్మను. అంచేత నా నోటితోనే ఒప్పుకుంటాను. ఆ రోజు నువ్వు అటు తిరిగి అరలో బండి తాళంచెవి వెతుకుతున్నావు. నేను వెనక నిలబడి, "మామయ్యా, నువ్వు బళ్ళేమీ బాగుచెయ్యవు. నీ అదృష్టం బాగుండి అవే బాగవుతాయి" అన్నాను. నువ్వు వెనక్కి కూడా తిరగలేదు. కాసేపటికి తాళంచెవి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయావు. బస్సు దిగిన దగ్గర్నుంచీ నవ్వించాలని చూస్తున్నాను, నువ్వు దేనికీ నవ్వలేదు, అందుకే నోరు జారింది. తప్పయిపోయింది. ఇది వెటకారం కాదు. ఈ ఒక్క పేరా మామూలుగా చదువుకో.

ఇట్లు,
అల్లుడు


మార్చి 19, గురువారం

ఒరేయ్,

ఆ మాట అన్నావా నువ్వు?

నాకు తెలియదు. నీ ఉత్తరంలోనే మొదటిసారి చూశాను. కాబట్టి నా కోపం ఇవాళ మొదలైంది. పంతొమ్మిదో తారీఖు. రాసుకో నీ కుక్కపిల్ల పుస్తకంలో. ఎవరూ అడక్కుండా వచ్చి, పాత తిట్టుని ఉతికి ఇస్త్రీ చేసి కవర్లో పెట్టి పంపించే వెర్రివాణ్ణి నిన్నే చూశాను. ఆ రోజు కంప్రెసరు నడుస్తోంది. ఆ రొదలో నీ కూతలు నా దాకా ఎక్కడ వస్తాయి? వచ్చి ఉంటే తాళంచెవి నీ చేతికి కాదు, నీ నెత్తికి తగిలేది.

అదృష్టమట. ముప్పై ఎనిమిదేళ్ళు వీధి మలుపులో బండి శబ్దం విని, అది నా గుమ్మం దాకా వచ్చేలోపు స్పానరు తీసి పట్టుకునేవాణ్ణి. ఏ స్పానరో కూడా తప్పేది కాదు.

ఇంకోటి కూడా చెప్తాను, ఎలాగూ నువ్వు నవ్వుతావు. ఆ బండి జబ్బు నాకు దొరకలేదు. రెండు నెలలు చూశాను. పొద్దున్న బాగుండేది, పదింటికి ఆగేది, పదకొండింటికి బాగుండేది. టక్ ఉందో లేదో కూడా తేల్చుకోలేకపోయాను. ఇన్నేళ్ళలో నాకు దొరకనిది అదొక్కటే. దొరకనివాడికి షాపెందుకు? అందుకే మూస్తున్నాను. నీకు అంటగట్టలేదు. నాకు దొరకనిది చదువుకున్నవాడికి దొరుకుతుందేమో అనుకున్నాను. అది నా తెలివితక్కువతనం.

మూడో ప్రశ్నకి జవాబు రాయకపోతే ఇంక ఉత్తరం రాయకు. బండి తెచ్చి ఇక్కడ పడెయ్యి. ముప్పై ఒకటిన పనిముట్లతో పాటు దాన్ని కూడా పాతసామాన్లవాడికి తూకానికి ఇచ్చేస్తాను.

మామయ్య


మార్చి 24, మంగళవారం

మామయ్యకి,

ఎడమకి.

మూడో ప్రశ్నకి జవాబు. ఎడమకి తిరిగి ఉంది. పదిహేను రోజులు ఆలస్యంగా సమర్పించుకుంటున్నాను, మార్కులు కోసుకో.

జరిగింది ఇది. నిన్న ఎనిమిది నలభై. మూడో క్లినిక్కు. అయిదు క్లినిక్కుల రక్తం భుజాన ఉంది. బటన్ నొక్కాను, చచ్చిన పామే. నీ ఉత్తరం జేబులోనే ఉంది. ఒళ్ళు మండి బయటికి లాగి వాచ్‌మానుకి చూపించి, "చూడండి సార్, నా ఉద్యోగం పోతుంటే ఈయనగారు హ్యాండిల్ ఎటు తిరిగి ఉందని అడుగుతున్నాడు! ఇదుగో, ఎటు తిరిగితే ఏమిటట? ఇటా? ఇటా?" అని బొటనవేలు బటన్ మీద నొక్కిపెట్టి హ్యాండిల్‌ని అటూ ఇటూ విసిరి కొట్టాను.

స్టార్టయింది.

వాచ్‌మాన్ టీ ఒక గుక్క తాగి, "ఆ పనేదో ముందే చెయ్యొచ్చుగా బాబూ, నెల రోజులు తోయించావు" అన్నాడు.

ఎనిమిది యాభైయారుకి పెట్టె బల్ల మీద పెట్టాను. సూపర్‌వైజరు పెన్నుకి మూత పెట్టాడు. ఆ మూత పడిన చప్పుడంత మంచి సంగీతం నేనింతవరకూ వినలేదు.

సాయంత్రం కూర్చుని వరసగా నొక్కి చూశాను. హ్యాండిల్ తిన్నగా పెట్టి ఇరవైసార్లు: ఇరవైసార్లూ పలికింది. కుడికి ఇరవైసార్లు: పలికింది. పూర్తిగా ఎడమకి ఇరవైసార్లు: ఒక్కసారి కూడా లేదు. నా గది సందులో గోడ అడ్డం కాబట్టి హ్యాండిల్ కుడికే పెడతాను. క్లినిక్కుల దగ్గర, ల్యాబులో, వరసలో ఎడమకి తిప్పి లాక్ చేస్తాను. బయటికి లాగే చోటుండదు కాబట్టి లాక్ తీసి అలాగే నొక్కుతాను. సన్నతీగ ఏదో మెడ దగ్గర లోపల తెగింది. ఎడమకి తిప్పితే విడిపోతోంది, తిన్నగా పెడితే మళ్ళీ అంటుకుంటోంది. నువ్వు మొదటి ఉత్తరంలోనే అడిగావు. నేను దిక్కులని వెక్కిరించాను.

ఇంత వెలుగు వచ్చాక ఊరికే కూర్చోలేక, కుక్కపిల్ల పుస్తకం వెనకపేజీలో ఇంకో జబ్బు కూడా రాసుకున్నాను. నీ పద్ధతే.

పలికినవి: ఉత్తరం రాస్తే. అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడితే.

పలకనివి: పదకొండు ఫోన్లు. వంటింట్లోంచి పిలుపులు. రోజంతా నేను వేసిన జోకులు. వెనకనుంచి నేను తిట్టిన తిట్టు. బండి టక్.

ఆ రోజు కంప్రెసరు నడవలేదు మామయ్యా. కరెంటు లేదు. నువ్వు చీకట్లో ఆ అరలో తాళంచెవి కోసం చేత్తో తడుముకున్నావు. ఆ షాపు అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ చూడలేదు, ఆ నిశ్శబ్దంలోనే ఆ మాట అన్నాను, అందుకే ఇన్ని రోజులూ గుచ్చుకుంది.

రెండు పక్కలకీ మధ్య తేడా ఏదో అదే జబ్బు. ఎవరో పెద్దమనిషి రాశాడు.

నా రోగనిర్ధారణ: బ్యాటరీ భేషుగ్గా ఉంది. మోటారు బాగుంది. హారన్ గురించి, అంటే నీ నోటి గురించి, వీధి మొత్తం సాక్ష్యం చెప్తుంది. సన్నతీగ ఎక్కడో వదిలింది, అంతే. దానికి బండి మొత్తం తూకానికి వేస్తావా? నువ్వు ఆ జబ్బు పట్టలేక షాపు మూస్తున్నావు. పట్టలేకపోయింది బుర్ర లేక కాదు, టక్ వినబడక. బుర్ర ఉంది కాబట్టే, వినకుండానే, రెండు గంటల బస్సు దూరంనుంచి, నాలాంటి గాడిద రాసిన ఉత్తరాలు చదివి పట్టావు.

నేను తీగ ముట్టుకోలేదు. బ్యాటరీ డాక్టరుకి చూపించలేదు. హ్యాండిల్ తిన్నగా పెట్టి నెట్టుకొస్తున్నాను. ఆదివారం బండి తెస్తున్నాను, నువ్వే బాగుచెయ్యాలి. వచ్చేలోపు ఒక సంగతి ఆలోచించు. నిన్న రిలే మీద రెండు వేళ్ళు ఆనించి బటన్ నొక్కి చూశాను. టక్ వేలికి కొడుతుంది. చెవితో పనిలేదు. ఇది మా సిలబసులో లేదు, నీ సిలబసులోనూ లేదు. నువ్వు చెవి ఉన్న గర్వంతో వేళ్ళని ఎప్పుడూ అడిగి ఉండవు.

అత్తయ్యకి నేను చెప్పను. నువ్వే చెప్పు. ఆదివారం దాకా తాళం ఎవరికీ ఇవ్వకు.

ఇట్లు,
ఒక్క గీత దూరంలో బతికిపోయిన
నీ గాడిద


ఏప్రిల్ 1, బుధవారం

అదృష్టవంతుడి అల్లుడికి,

నువ్వు వెళ్ళాక బండి గురించి అడగలేదు. చేరిందనే అనుకుంటున్నాను. నేను అతికిన తీగ కాబట్టి చేరే ఉంటుంది.

ఆదివారం నువ్వు హ్యాండిల్ ఎడమకి తిప్పి నొక్కావు, నా వేలికి ఏమీ తగల్లేదు. తిన్నగా పెట్టి నొక్కావు, చిటికెంత దెబ్బ తగిలింది. నేను అప్పుడు చెయ్యి తియ్యకుండా మళ్ళీ నొక్కు, మళ్ళీ నొక్కు అన్నాను కదా. నువ్వు నాకు అర్థం కాలేదనుకుని పన్నెండుసార్లు నొక్కావు. మొదటిసారికే అర్థమైంది. తర్వాతివి ఊరికే.

ఆ తీగ తడిమి, లోపల తెగి మెత్తగా ఉన్న చోటు నేను చూపించినప్పుడు, దీన్ని ఇంత బిగించి కట్టిన వెధవెవడో అని గొణిగావు. ఈసారి ఎదురుగా నిలబడి గొణిగావు, పెదాలు చూశాను. ఆ వెధవని నేనే. కిందటేడు హెడ్‌లైటు మార్చినప్పుడు కట్టాను. ఇది మళ్ళీ చెప్పను. ఈ కాగితం దాచుకోకు.

మీ అత్తయ్యకి చెప్పాను. ఏడుస్తుందేమో అని భయపడ్డాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి, "అయితే ఏడాదిగా పొగరు కాదన్నమాట" అంది. మళ్ళీ గరిటె అందుకుని, "పొగరు కూడా ఉంది" అంది. రేపు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుందట. చెవిలో పెట్టే మిషనేదో ఇస్తాడట, దానికి బ్యాటరీ ఉంటుందట. ఆయనా నీ మూలమీద డాక్టరు లాంటివాడేమో చూడాలి.

సోమవారం పాలవాడు బండి తోసుకొచ్చాడు. రిలే మీద వేళ్ళు పెట్టి నొక్కమన్నాను. "ఏమిటండీ నాడి చూస్తున్నారు, జ్వరమా?" అన్నాడు. వేలికి కొట్టింది, మోటారు తిరగలేదు. లావుతీగ నట్టు వదులు. రెండు తిప్పులు తిప్పాను. వాడు వెళ్తూ వెళ్తూ ఏదో అన్నాడు, అటు తిరిగి అన్నాడు కాబట్టి పొగిడాడనే అనుకున్నాను. వినబడకపోవడంలో ఈ సుఖం ఉంది, ఇన్నాళ్ళూ వాడుకోలేదు.

బల్బు టెస్టరు కూడా ఒకటి కొన్నాను. ఎవరికైనా చెప్పావంటే కాళ్ళు విరగ్గొడతాను.

నిన్న ముప్పై ఒకటి. ఓనరు దగ్గరికి తాళం తీసుకుని వెళ్ళాను. ఇస్తానన్నాను, ఇవ్వాలి. ఆయన పెరట్లో అటు తిరిగి మొక్కలకి గొట్టంతో నీళ్ళు పెడుతున్నాడు. వెనక నిలబడి, "తాళం తెచ్చానండీ" అన్నాను. ఆయన తిరక్కుండానే ఏదో చెప్పాడు. చాలాసేపే చెప్పాడు, భుజాలు కదిలాయి, ఒకసారి గొట్టం కూడా ఎత్తి ఊపాడు. ఏమన్నాడో నాకు ఒక్క ముక్క వినబడలేదు. వినబడని మాటకి జవాబెలా చెప్తాను? తాళం జేబులో వేసుకుని వచ్చి షాపు తెరిచాను.

ఫోను చెయ్యకు. రాయి.

షాపునుంచి,
మామయ్య